కంప్యూటర్ సందేహాలు: 4కె మానిటర్ ఎంపిక, అమరిక

ఈ శీర్షికకు ఇటీవల అందిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం 4కె మానిటర్ల గురించే కావడంతో ఈసారి చోటంతా వాటికే కేటాయిస్తున్నాం. వాడుకలో 4కె అంటున్నది అడ్డంగా 3840, నిలువుగా 2160 పిక్సెళ్లు ఉన్న తెరను. అంటే మొత్తం సుమారు 83 లక్షల చుక్కలు, ఫుల్ హెచ్‌డీ తెరకు సరిగ్గా నాలుగింతలు.

ప్రశ్న: మాది చిన్న డీటీపీ కేంద్రం. పుస్తకాలు, కరపత్రాలు, శుభలేఖలు కంపోజ్ చేస్తాం. ఇప్పుడున్న 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద తొమ్మిది పాయింట్ల అక్షరాల్లో ‘థ’కూ ‘ధ’కూ తేడా తెలియక, ప్రూఫు చూసే ప్రతిసారీ పేజీని పెద్దది చేసుకోవలసి వస్తోంది. 27 అంగుళాల క్యూహెచ్‌డీ సరిపోతుందా, 4కె తీసుకోవాలా? 4కెలో 27 అంగుళాలు మేలా, 32 మేలా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ ఇబ్బందికి కారణం కంటిచూపు కాకపోవచ్చు, అక్షరానికి చుక్కలు చాలడం లేదు. విండోస్‌లో స్కేలింగ్ (తెర మీది అక్షరాలు, మెనూల పరిమాణాన్ని పెంచే అమరిక) 100 శాతం ఉన్నప్పుడు, అసలు సైజులో చూపే పేజీలో తొమ్మిది పాయింట్ల అక్షరానికి నిలువునా దక్కేది 12 పిక్సెళ్లు మాత్రమే. ఇంగ్లిషు అక్షరం ఆ పన్నెండులో ఎలాగో ఒదిగిపోతుంది గాని, పైన గుడి, నడుమ అక్షరం, కింద వొత్తు, ‘జ్యోత్స్న’ వంటి మాటల్లో ఒక వొత్తుకు తోడు మరో వొత్తు, ఇవన్నీ ఇమడవలసిన తెలుగు లిపికి ఆ చోటు చాలదు. ‘థ’ పొట్టలోని చుక్కకు ఒక పిక్సెల్ అయినా పూర్తిగా దక్కనప్పుడు అది పక్క గీతలతో కలిసి బూడిదరంగు మరకగా మిగులుతుంది. అందువల్ల అధిక రిజొల్యూషన్ అవసరం ఇంగ్లిషు చదివేవారికంటే తెలుగు చదివేవారికే ఎక్కువన్నది మా అభిప్రాయం.

క్యూహెచ్‌డీ విషయంలో చాలామంది పొరబడేది ఇక్కడే. 27 అంగుళాల క్యూహెచ్‌డీ (2560 × 1440 పిక్సెళ్ల) తెరలో అంగుళానికి 109 పిక్సెళ్లు ఉంటాయి, మీ ప్రస్తుత తెరలో 92 ఉన్నాయి. అయితే క్యూహెచ్‌డీని సాధారణంగా 100 శాతం స్కేలింగ్‌తోనే వాడతారు కాబట్టి, మీ తొమ్మిది పాయింట్ల అక్షరానికి అక్కడా దక్కేది ఆ 12 పిక్సెళ్లే. తెర మీద ఎక్కువ పేజీ కనబడుతుంది, అక్షరం కొంచెం చిన్నదవుతుంది, స్పష్టత మాత్రం పెరగదు. లెక్కల పట్టికలు వాడేవారికి అది మంచి బేరమే గాని, ప్రూఫు చూసేవారికి కాదు.

4కె తెర మీద 150 శాతం స్కేలింగ్ పెట్టుకుంటే అదే అక్షరం 18 పిక్సెళ్ల ఎత్తులో ఏర్పడుతుంది. విస్తీర్ణంలో చూస్తే రెండుంపావు రెట్లు చుక్కలు. మామూలు చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకు వివరాలను వేరుచేసి చూడగలదని అంటారు. 60 సెంటీమీటర్ల దూరంలో ఆ కోణం సుమారు 0.17 మిల్లీమీటర్లకు సమానం. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.28 మిల్లీమీటర్లు, 27 అంగుళాల క్యూహెచ్‌డీలో 0.23, 27 అంగుళాల 4కెలో 0.16, 32 అంగుళాల 4కెలో 0.18. చివరి రెండింటిలో చుక్కలు విడివిడిగా కనబడడం దాదాపు ఆగిపోతుంది.

ఇక 27, 32 మధ్య ఎంపిక. 27 అంగుళాల తెరకు విండోస్ సాధారణంగా 150 శాతాన్ని సూచిస్తుంది. ఆ అమరికలో మెనూలు, అక్షరాలు మీకు అలవాటైన దానికంటే చిన్నవిగా కనిపిస్తాయి: తొమ్మిది పాయింట్ల అక్షరం ఎత్తు ఇప్పుడు 3.3 మిల్లీమీటర్లు ఉన్నది 2.8 అవుతుంది. పాత పరిమాణమే కావాలంటే 175 శాతం పెట్టుకోవాలి. అప్పుడు పేజీకి చోటు కొంత తగ్గుతుంది. 32 అంగుళాల తెర మీదనైతే 150 శాతం దగ్గరే మీకు అలవాటైన పరిమాణం వస్తుంది. మీ వృత్తికి సంబంధించిన మరో లెక్క కూడా ఉంది. మీ 24 అంగుళాల తెర ఎత్తు దాదాపు 30 సెంటీమీటర్లు. ఏ4 కాగితం పొడవు 29.7 కాబట్టి, మెనూలు, టాస్క్‌బార్ పోగా ఒక్క పేజీ కూడా అసలు సైజులో పూర్తిగా పట్టదు. 27 అంగుళాల తెర ఎత్తు 33.6 సెంటీమీటర్లు, పక్కపక్క పేజీలు రెండూ పడతాయి గాని, మెనూలకు మిగిలేది నాలుగు సెంటీమీటర్లే. 32 అంగుళాల దానికి ఎత్తు 39 దాటుతుంది కాబట్టి రెండు పేజీలూ అసలు సైజులో హాయిగా పరుచుకుంటాయి. మీ బల్ల లోతు 75 సెంటీమీటర్లకు తగ్గకుండా ఉంటే 32 అంగుళాలనే తీసుకోండి. బల్ల ఇరుకైతే అంత పెద్ద తెర ముందు మెడ అటూఇటూ తిప్పుతూ పనిచేయవలసి వస్తుంది కాబట్టి 27తో ఆగడం మంచిది.

పానెల్ విషయంలో ఎక్కువ ఆలోచన అక్కరలేదు, ఐపీఎస్ రకం తీసుకోండి. పక్కనుంచి చూసినా రంగు మారదు, శుభలేఖ చూడడానికి వచ్చినవారు మీ భుజం మీదుగా వంగి చూస్తారు కదా. ఓలెడ్ తెరలు ఎంత అందంగా ఉన్నా, రోజంతా ఒకేచోట నిలిచి ఉండే మెనూల ముద్ర కాలక్రమంలో వాటిపై పడే ప్రమాదం ఉంది. పైగా వాటిలో చాలా వాటి పిక్సెళ్ల అమరిక వల్ల అక్షరాల అంచుల్లో రంగుల చాయ కనిపిస్తుంది. డీటీపీ పనికి అవి తగవు.

ప్రశ్న: 4కె మానిటర్ పెట్టాక మిగతా అన్నీ బాగున్నాయి గాని, పేజీలు కూర్చే ప్రోగ్రామ్ పేజ్‌మేకర్ 7 మాత్రం మసకగా కనిపిస్తోంది. అను తెలుగు ఫాంట్లలో ఉన్న పాత ఫైళ్లన్నీ దానిలోనే ఉన్నందువల్ల దాన్ని వదలలేను. ముద్రణ కూడా మసకగా వస్తుందేమోనని భయంగా ఉంది.
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముద్రణ గురించి నిశ్చింతగా ఉండండి. ప్రింటరుకు వెళ్లేది తెర మీది బొమ్మ కాదు, ఫాంటులోని గీతల ఆకృతి. అది ప్రింటరు సొంత రిజొల్యూషన్‌లో మళ్లీ తయారవుతుంది. తెర మీది మసకకు కారణం వేరు. పేజ్‌మేకర్ 7 విడుదలైంది 2001లో. ఇంత సాంద్రమైన తెరలు వస్తాయని దాన్ని రాసినవారు ఊహించలేదు. స్కేలింగ్ తెలియని అటువంటి ప్రోగ్రామును విండోస్ ముందు చిన్నదిగా గీయించి, ఆ బొమ్మను సాగదీసి చూపుతుంది, సాగదీసినందువల్లే మసక.

పేజ్‌మేకర్ ఐకాన్‌పై రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ భాగానికి వెళ్లి, ‘చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్’ నొక్కండి. అక్కడ అడుగున ఉన్న ఓవర్‌రైడ్ గడిలో టిక్ పెట్టి, కింది జాబితాలో ‘సిస్టమ్ (ఎన్‌హాన్స్‌డ్)’ ఎంచుకోండి. చాలా పాత ప్రోగ్రాముల్లో దీనితో అక్షరాలు తేటపడతాయి. అదే జాబితాలోని ‘అప్లికేషన్’ ఎంచుకుంటే స్పష్టత వస్తుంది గాని మెనూలు చీమల్లా చిన్నవైపోతాయి. ఎన్‌హాన్స్‌డ్‌తో టూల్‌బార్లు చెదిరినట్లు కనిపిస్తే దాన్ని తీసివేయడమే మంచిది. అలాంటప్పుడు మీ పాత ఫుల్ హెచ్‌డీ మానిటర్‌ను అమ్మివేయకుండా పక్కనే కలుపుకోండి. విండోస్ 8.1 నుంచి ఒక్కో మానిటర్‌కు ఒక్కో స్కేలింగ్ పెట్టుకునే వీలుంది కాబట్టి, పాత తెర మీద 100 శాతంతో పేజ్‌మేకర్, కొత్త తెర మీద మిగతా పనులు నడుపుకోవచ్చు.

ప్రశ్న: ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. 27 అంగుళాల 4కె మానిటర్ కొని, ల్యాప్‌టాప్ టైప్-సీ పోర్టుకు ఒక హబ్ (ఒక పోర్టును పలు పోర్టులుగా మార్చే పరికరం), దాని నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపాను. బొమ్మ స్పష్టంగానే ఉంది గాని మౌస్ కదలిక ఈడ్చినట్లుంది, పేజీ కిందికి జరిపితే అక్షరాలు చెదురుతున్నాయి. మానిటర్ మార్చమని అడగాలా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మార్చమని అడిగేముందు విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే వరకు వెళ్లి రిఫ్రెష్ రేట్ (తెర మీది బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో తెలిపే అంకె) ఎంత ఉందో చూడండి. 30 హెర్ట్జ్ అని ఉంటే మానిటర్‌లో లోపం లేదని దాదాపు ఖాయం. 4కె బొమ్మను సెకనుకు 60 సార్లు పంపాలంటే, పిక్సెళ్ల సమాచారమే సుమారు 12 గిగాబిట్లు అవుతుంది. హెచ్‌డీఎంఐ 1.4 మార్గంలో నికరంగా 8 గిగాబిట్ల పైచిలుకే పడుతుంది. అందుకే అది 4కెను 30 హెర్ట్జ్ దగ్గర ఆపేస్తుంది. 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0 నుంచి 60 సాధ్యమయింది. ల్యాప్‌టాప్, హబ్, కేబుల్, మానిటర్ పోర్టు అనే నాలుగింటిలో ఏ ఒక్కటి పాతదైనా మొత్తం మార్గం దాని స్థాయికే దిగిపోతుంది.

మీ విషయంలో మా అనుమానం హబ్ మీద. టైప్-సీలో వేగంగా సమాచారం మోసే దారులు నాలుగు ఉంటాయి. చవక హబ్‌లు అందులో రెండింటిని పెన్‌డ్రైవ్ వంటి వాటికి కేటాయించి, బొమ్మకు రెండే మిగులుస్తాయి. టైప్-సీ గుండా బొమ్మ వెళ్లేది డిస్‌ప్లేపోర్ట్ అనే పద్ధతిలో. దాని 1.2 వెర్షన్ వేగంతో నడిచే పరికరాల్లో ఆ రెండు దారులూ కలిసి 8.64 గిగాబిట్లే మోయగలవు; 12కు చాలదు. డిస్‌ప్లేపోర్ట్ 1.4 వేగాన్ని ల్యాప్‌టాప్, హబ్ రెండూ అందుకోగలిగితే ఆ రెండు దారుల్లోనే దాదాపు 13 పడుతుంది, సమస్య ఉండదు. అన్నిటికంటే తేలిక మార్గం, హబ్‌ను పక్కనపెట్టి టైప్-సీ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కు నేరుగా వెళ్లే కేబుల్ కొనడం. మీ టైప్-సీ పోర్టు బొమ్మను పంపుతోందని ఇప్పటికే రుజువైంది కాబట్టి ఇది పనిచేయడానికి అవకాశాలు ఎక్కువ. కొన్ని మానిటర్ల సొంత మెనూలో కూడా హెచ్‌డీఎంఐ లేదా డిస్‌ప్లేపోర్ట్ వెర్షన్‌ను ఎంచుకునే అమరిక ఉంటుంది. అది పాత వెర్షన్‌పై ఉందేమో చూడండి.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, ‘2.1 కేబుల్ ఉందా’ అని అడగవద్దు. హెచ్‌డీఎంఐ 2.1 అన్న మాటను ఇప్పుడు పూర్తి వేగం లేని పరికరాల మీద కూడా రాసుకునే వీలుంది. ‘4కె 60 హెర్ట్జ్ వస్తుందా’ అని అడిగి, కేబుల్ పెట్టెపై ‘ప్రీమియం హై స్పీడ్’ లేదా ‘అల్ట్రా హై స్పీడ్’ ధ్రువీకరణ ముద్ర చూసి తీసుకోండి.

ప్రశ్న: పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. కొత్త 4కె తెర మీద మెరిసిపోయే ఫొటోలు ల్యాబ్ నుంచి నల్లబడి వస్తున్నాయి. తప్పు ల్యాబ్‌దా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ముందుగా మీ మానిటర్ వెలుగు తగ్గించండి. దుకాణంలో కంటికి ఇంపుగా ఉండేందుకు తయారీదారులు వెలుగును ఎక్కువగా పెట్టి పంపుతారు. 300 నిట్స్ (వెలుగు కొలమానం) దాటే తెరలు మామూలే. ముద్రణకు సరిచూసుకునే తెరకు 100 నుంచి 120 నిట్స్ చాలు. మానిటర్ మెనూలో ఎస్ఆర్‌జీబీ (ప్రామాణిక రంగుల) మోడ్ ఎంచుకుని, విండోస్‌లో హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను పెంచి చూపే అమరిక) ఆపివేయండి. ఆ తర్వాత ల్యాబ్ నుంచి వచ్చిన ఒక ప్రింటును మంచి వెలుతురులో తెర పక్కన పెట్టి, రెండూ సమానంగా కనబడేవరకు వెలుగు సర్దండి. అప్పటికీ తేడా మిగిలితేనే ల్యాబ్‌వారిని అడగడం న్యాయం.

ప్రశ్న: పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు కంప్యూటర్‌లో చదువుతుంటాను. ఇంట్లో ఉన్న 43 అంగుళాల 4కె టీవీనే మానిటర్‌గా వాడుకోవచ్చా? రెండో సందేహం: ప్రోగ్రెసివ్ కళ్లద్దాలతో తెర చూస్తే మెడ నొప్పి పుడుతోంది.
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: వాడుకోవచ్చు, అయితే దగ్గరగా కూర్చోకండి. 43 అంగుళాల్లో పరచిన 4కె అంగుళానికి 102 పిక్సెళ్లే ఇస్తుంది. ఇది మామూలు కార్యాలయపు మానిటర్‌కంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ. 85 సెంటీమీటర్లో ఇంకా కొంచెం దూరమో జరిగితే చుక్కలు కలిసిపోయి అక్షరం నున్నగా కనిపిస్తుంది. టీవీ ఇన్‌పుట్ జాబితాలో కంప్యూటర్ కలిపిన పోర్టుకు ‘పీసీ’ అని పేరు పెట్టండి లేదా పీసీ మోడ్ ఎంచుకోండి. లేకపోతే చాలా టీవీలు సినిమా కోసమన్నట్లు రంగుల సమాచారాన్ని కుదించి చూపుతాయి, రంగు అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. మీరు చదివేవి స్కాన్ పుస్తకాలు కాబట్టి ఒక మాట: స్కాన్ తక్కువ నాణ్యతతో చేసి ఉంటే ఏ తెరా దాన్ని బాగుచేయలేదు. ఒక పుస్తకం మసకగా ఉన్నంతమాత్రాన టీవీని అనుమానించకండి.

మెడ నొప్పికి కారణం మీ అద్దాల తీరులోనే ఉంది. ప్రోగ్రెసివ్ అద్దాల్లో దగ్గరి చూపు భాగం అడుగున ఉంటుంది కాబట్టి, తెర ఎత్తులో ఉంటే తల వెనక్కి వాల్చి చూడవలసి వస్తుంది. తెర పై అంచు కంటి ఎత్తులో ఉండాలని సాధారణంగా చెబుతారు. ప్రోగ్రెసివ్ అద్దాలవారు దాన్ని ఇంకా కిందికి దించి, పై భాగాన్ని కొద్దిగా వెనక్కి వాల్చుకోవాలి. 43 అంగుళాల టీవీ ఎత్తే 53 సెంటీమీటర్లు, పైగా చాలా టీవీల స్టాండ్లు వంగవు. అందువల్ల మీకు నిజంగా నప్పేది ఎత్తు సర్దుకునే స్టాండ్ ఉన్న 27 అంగుళాల మానిటర్. టీవీతోనే సరిపెట్టుకోదలిస్తే, కంటి నుంచి తెరకు ఉన్న దూరాన్ని టేపుతో కొలిచి, ఆ కొలత చెప్పి, కంప్యూటర్ కోసమే ఒక జత అద్దాలు రాయమని మీ కంటి డాక్టరును అడగండి.