కౌన్సెలర్ తీర్పు చెప్పరు, మరి మనం ఎందుకు వెళ్తున్నాం?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. ఇంటర్ బైపీసీ తర్వాత లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుని రెండుసార్లు నీట్ రాసినా సీటు రాలేదు. అప్పటి నుంచి వాళ్ల నాన్నగారితో మాట్లాడడం మానేశాడు. బంధువుల సలహాతో మేం నలుగురం కుటుంబ కౌన్సెలింగ్‌కు వెళ్తున్నాం. ఇప్పటికి నాలుగు సెషన్లు అయ్యాయి. ప్రతిసారీ ముందురోజు నేను కౌన్సెలర్‌కు ఫోన్ చేసి ఇంట్లో జరిగిందంతా చెబుతున్నాను. అయినా ఆవిడ మావాడికి నాలుగు మంచి మాటలు చెప్పకుండా అందరినీ ప్రశ్నలు వేస్తూ కూర్చుంటున్నారు. క్రితంసారి తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి, "నాన్న కోప్పడిన రోజు అమ్మ అన్నయ్య గదిలోకి చాటుగా అన్నం తీసుకెళ్తుంది" అని చెప్పేసింది. తిరిగి వచ్చేటప్పుడు మావారు దారి పొడవునా దాన్ని తిట్టారు. ఇంటి గుట్టు లంకకు చేటని, ఇకమీదట తాను రానని అంటున్నారు. కౌన్సెలర్‌ను మార్చమంటారా, అసలు మానేయమంటారా?
— ఒక తల్లి, ఏలూరు

జవాబు: అమ్మా, అన్నిటికన్నా ముందు మాట్లాడుకోవలసింది మీ అమ్మాయి గురించి. ఇంట్లో అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనలేని సంగతిని ఆ పిల్ల కౌన్సెలర్ ఎదుట చెప్పింది, చెప్పినందుకు తిట్లు తిన్నది. వచ్చేసారి ఆమె నోరు విప్పదు, ఆమెకు జరిగింది చూసిన మీ అబ్బాయీ విప్పడు. ఎవరూ నిజం చెప్పని చోట ఎంత అనుభవమున్న కౌన్సెలరైనా చేయగలిగింది ఏమీ ఉండదు. అందుచేత ఆ గదిలో అన్న మాటకు ఇంటికి వచ్చాక ఎవరూ ఎవరినీ నిలదీయకూడదన్న ఒప్పందం మీ నలుగురి మధ్య మొదట కుదరాలి. మీవారు అమ్మాయిని దగ్గర కూర్చోబెట్టుకుని "ఆ రోజు నిన్ను అలా తిట్టకుండా ఉండవలసింది" అని ఒక్క మాట అనగలిగితే, మరో రెండు సెషన్లలో జరగవలసిన పని అక్కడే జరుగుతుందని నా గట్టి నమ్మకం.

ఇక మంచి మాటలు చెప్పడం లేదన్న మీ ఫిర్యాదు సంగతి. తగాదా వస్తే పెద్దమనుషుల ముందు కూర్చోవడం మనకు అలవాటు. వాళ్లు ఇరుపక్షాల మాటా విని, తప్పెవరిదో తేల్చి, ఒకరికి బుద్ధి చెప్పి పంపుతారు. పోలీస్ స్టేషన్లలో భార్యాభర్తలకు జరిగే కౌన్సెలింగ్ కూడా చాలాచోట్ల ఇదే పద్ధతిలో సాగుతుంది కనుక, కౌన్సెలర్ దగ్గర కూడా మనం తీర్పే ఆశిస్తాం. కుటుంబ చికిత్స నిలబడిన ఆలోచన వేరు. అర్జెంటీనాలో పుట్టి అమెరికాలో పనిచేసిన సాల్వడార్ మినుచిన్ అనే వైద్యుడు, బాధ ఎవరిలో బయటపడిందో వారిని ఒక్కరినే పరీక్షిస్తే సరిపోదని, ఇంట్లో ఎవరు ఎవరి పక్షాన నిలబడుతున్నారో, పెద్దల మాటకూ పిల్లల మాటకూ మధ్య గీత ఎక్కడుందో చూడాలని 1970లలోనే వివరించారు. ఇద్దరి మధ్య ఉద్రిక్తత భరించలేనంతగా పెరిగినప్పుడు వాళ్లు మూడో మనిషిని మధ్యలోకి లాగి ఊపిరి పీల్చుకుంటారని అమెరికన్ మానసిక వైద్యుడు ముర్రే బోవెన్ చెప్పారు. మీ ఇంట్లో ఆ మూడో మనిషి మీరే. చాటుగా అన్నం తీసుకెళ్లడంలోని ప్రేమను నేను తప్పుపట్టను. కానీ ఆ కంచం గదిలోకి వెళ్తున్నంత కాలం తండ్రీ కొడుకులు ఎదురుపడవలసిన అవసరం రాదు. మీ కౌన్సెలర్ అందరినీ ప్రశ్నిస్తున్నది ఇలాంటివి బయటపడడం కోసమే. మీ అమ్మాయి మాటతో అది మొదలైంది కూడా.

ముందురోజు చేసే ఫోన్లు ఈ కారణంగానే ఆపేయమంటాను. అబ్బాయికి అవి తెలిసిన రోజున కౌన్సెలర్ అమ్మ మనిషని తీర్మానించుకుంటాడు. చెప్పదలచినది అందరి ముందూ చెప్పండి. అలా చెప్పలేని సంగతి ఉంటే విడిగా సెషన్ అడగండి, అక్కడ చెప్పింది మిగతావారికి చేరుతుందా లేదా అన్నది మొదటే తేల్చుకోండి. చికిత్స వివరాల గోప్యతను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం హక్కుగా గుర్తించింది. అయితే ఒకే కుటుంబంలో ఒకరి మాటను మరొకరికి చెప్పే విషయంలో ఒక్కో కౌన్సెలర్ ఒక్కో నియమం పాటిస్తారు.

వచ్చే సెషన్‌ను "మాకు ప్రయోజనం కనిపించడం లేదు" అన్న మాటతోనే మొదలుపెట్టండి. మంచి కౌన్సెలర్ దానికి నొచ్చుకోరు. ఏ మార్పు కోసం పనిచేస్తున్నాం, ఎన్ని సెషన్ల తర్వాత వెనక్కి తిరిగి చూసుకుందాం అని అడగండి. "అబ్బాయి దారిలో పడాలి" అనుకుంటే పడ్డాడో లేదో ఏడాదికి కూడా తెలియదు. "వారంలో రెండు రోజులు మార్కుల ఊసెత్తకుండా నలుగురం కలిసి భోంచేయాలి" అనుకుంటే వారం తిరిగేసరికి తెలిసిపోతుంది. ఇంటి దగ్గర చేయమన్న పని చేయలేకపోతే చేయలేదనే చెప్పండి, ఎక్కడ ఆగిపోయారో కూడా చెప్పండి. చేశామని అబద్ధం చెప్పేవారికన్నా మీకే ఎక్కువ మేలు జరుగుతుంది. మీవారు కొన్నాళ్లు రాకపోయినా మిగిలిన ముగ్గురూ మానవద్దు.

నాలుగు సెషన్లకే కౌన్సెలర్‌ను మార్చనవసరం లేదు. విడిగా చెప్పిన మాటను అనుమతి లేకుండా బయటపెట్టినా, పిల్లవాడిని మందలించడమే చికిత్స అనుకున్నా, ఇన్ని రోజుల్లో నయం చేస్తానని హామీ ఇచ్చినా మాత్రం మార్చండి. క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేసేవారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి. ఆ వివరం అడగడం అమర్యాద కాదు.

ఒక్క విషయంలో ఆలస్యం చేయవద్దని వేడుకుంటున్నాను. ఫలితాల తర్వాత మన రెండు రాష్ట్రాల్లోనూ పిల్లలను పోగొట్టుకున్న ఇళ్లున్నాయి. మీవాడికి నిద్ర, ఆకలి బాగా తగ్గినా, బతుకు మీద విరక్తి మాటలు వినిపించినా "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా, నాన్నా?" అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే కుటుంబ సెషన్ వరకూ ఆగకుండా, అతన్ని ఒంటరిగా వదలకుండా, వెంటనే సైకియాట్రిస్ట్ దగ్గరకు తీసుకెళ్లండి. 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రశ్న: మావారు కోపం వస్తే చేయి చేసుకుంటారు. ఇద్దరం కలిసి కౌన్సెలింగ్‌కు వెళ్తే చక్కబడుతుందని అత్తగారు, మామగారు అంటున్నారు. వెళ్లమంటారా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఇప్పుడు కలిసి వెళ్లవద్దమ్మా. పై జవాబులో చెప్పినట్టు, గదిలో అన్న మాటకు ఇంట్లో శిక్ష పడని చోటే కుటుంబ కౌన్సెలింగ్ పనిచేస్తుంది. కొట్టే మనిషి పక్కన కూర్చుని మీరు నిజం చెబితే ఆ రాత్రి మీకు భద్రత ఉండదు. చెప్పకపోతే ఆ సెషన్ వల్ల ఉపయోగం లేదు. పైగా ఇద్దరినీ కూర్చోబెట్టి "ఇద్దరూ సర్దుకోండి" అంటే, కొట్టడంలో మీకూ వాటా ఉందన్నట్టవుతుంది. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం కింద 2006లో వచ్చిన నిబంధనలు, కౌన్సెలింగ్‌లో హింసను సమర్థించుకునే వాదనకు చోటివ్వకూడదని, ఇకపై హింసకు పాల్పడనని ప్రతివాది హామీ ఇవ్వాలని చెబుతున్నాయి.

ముందుగా మీరొక్కరే కౌన్సెలర్‌ను కలవండి. 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే హింసకు గురైన మహిళలకు ఒకేచోట సాయం అందించే సఖి కేంద్రం, గృహహింస చట్టం కింద సాయపడే రక్షణాధికారి వివరాలు తెలుస్తాయి. మీవారు తన కోపానికి తానే విడిగా సహాయం తీసుకోవాలి. కలిసి కూర్చోవడం గురించి, కొట్టడం పూర్తిగా ఆగి కొన్ని నెలలు గడిచిన తర్వాత, మీ కౌన్సెలర్‌తో మీరొక్కరే మాట్లాడి నిర్ణయించుకోండి.