పెప్టైడ్ కణంలోకి వెళ్ళిందని చెప్పే ముందు

ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

అమ్మాయ్,

నువ్వు పంపిన మైక్రోస్కోప్ ఫోటోలు చూశాను. నీ పెప్టైడ్‌కి (అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసుకి) తగిలించిన రంగుతో కణాల కేంద్రకం మొత్తం పచ్చగా వెలుగుతోంది, సెమినార్‌లో ఇవే చూపిస్తానంటున్నావు. కొన్నాళ్ళు ఆగు. అది కణం పొరని ఎలా దాటిందో తర్వాత చూద్దాం, అసలు దాటిందో లేదో ముందు తేల్చు.

ఫోటో తీసే ముందు కణాల్ని ఫార్మాల్డిహైడ్‌తో ఫిక్స్ చేశావా, అంటే చంపి ఉన్నవి ఉన్నట్టు గట్టిపరిచావా? చేసి ఉంటే ఆ ఫోటోల్ని నేను నమ్మను. హెచ్‌ఐవీ వైరస్‌లోని టాట్ ప్రొటీన్ బయటి నుంచి కణాల్లోకి చేరుతుందని 1988లో బయటపడింది, 1994లో పండు ఈగ ప్రొటీన్ ముక్క, 16 అమైనో ఆమ్లాల పెనెట్రాటిన్ వచ్చింది. ఇవి 4 డిగ్రీల చలిలో కూడా నేరుగా పొరలోంచి దూరిపోతాయని చాలామంది నమ్మారు. కానీ ఫిక్స్ చేసినప్పుడు పైన అంటుకున్న పెప్టైడే లోపలికి జారి కేంద్రకానికి చేరుతోందని 2003లో తేలింది. ఫిక్స్ చెయ్యకుండా బతికున్న కణాల్లో చూస్తే అది ఎండోజోముల్లో, అంటే కణం బయటి సరుకుని మింగినప్పుడు ఏర్పడే చిన్న సంచుల్లో, చుక్కలు చుక్కలుగా కనిపించింది. కాబట్టి నువ్వు కూడా బతికున్న కణాల్లోనే చూడు.

ఇక పైన అంటుకోవడం సంగతి. నీ పెప్టైడ్ నిండా ఆర్జినిన్లే, అంటే పాజిటివ్ చార్జి. కణం బయట హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసులు, పొరలో ఫాస్ఫేట్లు, అన్నీ నెగటివ్. ఆ పట్టు కణాల్ని కడిగే ఉప్పు ద్రావణం పీబీఎస్‌తో మూడుసార్లు కడిగినా వదలదు. అందుకే ఒక్కో కణం వెలుగునీ కొలిచే ఫ్లో సైటోమీటర్‌కి ఇచ్చే ముందు ప్రొటీన్లని కోసే ట్రిప్సిన్ ఎంజైమ్ పెట్టాలి, అది ఆర్జినిన్, లైసిన్ల దగ్గరే కోస్తుంది కాబట్టి బయట మిగిలిన పెప్టైడ్ కూడా తెగిపోతుంది. డి-ఆర్జినిన్లతో (ఆర్జినిన్‌కి అద్దంలో బింబం లాంటి రూపంతో) చేసిన పెప్టైడ్ అయితే మాత్రం ట్రిప్సిన్ కోయలేదు, దానికి నెగటివ్ చార్జి ఉన్న హెపారిన్ కలిపి కడుగు.

4 డిగ్రీల దగ్గర సిగ్నల్ పడిపోయింది కాబట్టి ఎండోసైటోసిస్సే (కణం అలా సంచుల్లో మింగడమే) అని మాత్రం రాసేయకు. చలికి పొర కూడా బిగుసుకుంటుంది, నేరుగా దాటే దారీ అప్పుడు మందగిస్తుంది. 37 డిగ్రీల్లోనే, గ్లూకోజ్ లేని మీడియంలో సోడియం అజైడ్, డీఆక్సీగ్లూకోజ్ కలిపి కణం శక్తిని ఆపి చూడు, చలిలో వచ్చిందీ ఇదీ పక్కపక్కన పెట్టి మాట్లాడు. అజైడ్ విషం, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు, సింకులో పొయ్యకు.

గాఢతని బట్టి కూడా దారి మారుతుంది. తక్కువలో ఎక్కువభాగం ఎండోసైటోసిస్, సుమారు 10 మైక్రోమోలార్ దాటాక ఆర్జినిన్ పెప్టైడ్లు నేరుగా కూడా దూరుతుంటాయి, కానీ ఆ స్థాయిలో పొరే చిరిగిపోయి ఉండొచ్చు. ఎల్‌డీహెచ్ పరీక్ష (పొర చిరిగి ఆ ఎంజైమ్ బయటికి కారిందో లేదో చూసేది) చెయ్యకుండా ఆ డేటా ఎవరికీ చూపించకు. పైగా నువ్వు వాడే ఫ్లోరెసీన్ రంగు ఆమ్లంలో మసకబారుతుంది, ఎండోజోమ్ లోపల ఆమ్లమే కదా, అందుకని అక్కడ ఇరుక్కుపోయిన పెప్టైడ్ నీకు ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. ఒక్కసారైనా ఆమ్లంలో మసకబారని టామ్రా రంగుతో పోల్చి చూడు. ఎండోజోమ్‌లోంచి బయటపడితేనే మందు పనిచేసేది, ఈ రంగంలో అసలు కష్టం అక్కడే ఉంది.

వలయాకారపు పెప్టైడ్ మందు సైక్లోస్పోరిన్‌లాగా వలయం చేస్తే సరిపోతుందా అని అడిగావు. దానిలో 11 అమైనో ఆమ్లాలు, చార్జి లేదు, 7 చోట్ల నైట్రోజన్‌కి మిథైల్ ఉంది, మిగిలిన ఎన్‌హెచ్‌లు (నైట్రోజన్-హైడ్రోజన్ జతలు) పొరలోకి వెళ్ళేటప్పుడు లోపలికి ముడుచుకుంటాయి. నీ పెప్టైడ్‌ని వలయం చేసినంతమాత్రాన ఆర్జినిన్ల చార్జి ఎక్కడికీ పోదు.

మరో మాట. మన వైజాగ్ ఉక్కలో ఫ్రీజర్‌లోంచి తీసిన వయల్ మూత వెంటనే తియ్యకు, గది వేడికి వచ్చేదాకా ఆగు, లేకపోతే పొడి తేమ పీల్చేస్తుంది. తూకాన్నీ నమ్ముకోకు, పొడిలో నీళ్ళు, తయారీలో మిగిలిన టీఎఫ్‌ఏ ఆమ్లపు ఉప్పు కూడా ఉంటాయి. రంగు శోషణ కొలిచి గాఢత లెక్కకట్టు. ట్రిప్సిన్ ముందూ తర్వాతా వచ్చిన ప్లాట్లు రెండూ నాకు పంపు, ఆదివారం ఇంటికొస్తే కూర్చుని చూద్దాం.

మీ మావయ్య