ట్రిప్‌కి తొమ్మిది రోజులు, కెమెరా కింద పడింది: టెక్ సందేహాలు

ప్రశ్న: నా దగ్గర కెనాన్ 80డీ ఉంది, దానికి 18-135 జూమ్ లెన్సు, ఒక 50 ఎంఎం లెన్సు ఉన్నాయి. మొన్న బ్యాగులోంచి తీస్తుంటే చెయ్యి జారి నేల మీద పడింది. అప్పట్నుంచి క్లిక్ చేస్తే "ఎర్ 01" అని వస్తోంది. రిపేర్ చేసేవాళ్లు పార్టు రావాలి, మూడు వారాలు పడుతుంది అన్నారు. తొమ్మిది రోజుల్లో అమ్మానాన్నలతో ట్రిప్ ఉంది, వాళ్లతో కలిసి ఇంత దూరం వెళ్లడం ఇదే మొదటిసారి. కొత్త మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని రకం కెమెరా) కొనేయమంటారా?

జవాబు: ఇవాళ మాత్రం కొనకండి. ముందు ఒక్కటి చెప్పండి, పడినప్పుడు ఏ లెన్సు తగిలించి ఉంది? జూమ్ అనే అనుకుంటున్నా. అదైతే దాన్ని తీసేసి 50 ఎంఎం పెట్టి ఓ పది ఫోటోలు తీసి చూడండి, ఎర్రర్ రాకపోతే మీ కెమెరా బతికే ఉన్నట్టు, దెబ్బ తగిలింది లెన్సుకే. ఎర్ 01 అంటే బాడీకీ (లెన్సు తీసేస్తే మిగిలే కెమెరా) లెన్సుకీ మధ్య మాట కుదరట్లేదని అర్థం, కెమెరా మొత్తం పోయిందని కాదు. చాలామంది ఇక్కడే కంగారుపడి బాడీ కొనేసి, ఇంటికొచ్చి పాత లెన్సు పెట్టగానే మళ్లీ అదే ఎర్రర్ చూసి ఏడుపుమొహం పెడతారు, నాకు వచ్చే మెయిల్స్‌లో ఇది మామూలే.

ఇంకో చిన్న టెస్టు. జూమ్ లెన్సే పెట్టి, మోడ్ డయల్ ఏవీ (లెన్సు ఎంత తెరుచుకోవాలో మనమే చెప్పే మోడ్) మీద ఉంచి, 18 దగ్గర ఎఫ్ 3.5లో, అంటే పూర్తిగా తెరిచి, ఒకటి తీయండి, తర్వాత ఎఫ్ 8లో, అంటే కాస్త మూసి, ఒకటి తీయండి. మొదటిది పడి రెండోదానికే ఎర్రర్ వస్తే, లెన్సు లోపల అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) రేకుల్ని కదిపే చోట, ఎక్కువగా రిబ్బన్‌లా ఉండే సన్నటి కేబుల్ దగ్గర, తేడా వచ్చిందన్నమాట. పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు ఆ రేకులు కదలక్కర్లేదు కాబట్టి ఫోటో పడుతుంది. అలాగే బాడీ మౌంట్ (లెన్సు తగిలించే చోటు) లోపల బంగారు రంగులో వరసగా చిన్న పిన్నులు ఉంటాయి చూడండి, అవి స్ప్రింగ్ మీద ఉంటాయి, పడినప్పుడు ఒకటి లోపలికి దిగబడి ఉండిపోయినా ఇదే ఎర్రర్ వస్తుంది. టార్చి వేసి చూస్తే మిగతా వాటికంటే కిందకి ఉన్నది కనిపిస్తుంది. పొడి మెత్తటి గుడ్డతో తుడవండి, అంతే, పిన్నీసుతో పైకి లాగడం లాంటివి వద్దు.

సరే, నిజంగా బాడీయే పోయింది అనుకుందాం. అప్పుడు నా మాట, మీ చేతికి అలవాటైన కుటుంబంలోంచే ఇంకోటి తెచ్చుకోండి, వాడినదైనా పర్లేదు, నాలుగు రోజులకి అద్దెకైనా పర్లేదు. 70డీ, 80డీ, 90డీ మూడింటికీ మీ రెండు లెన్సులూ పడతాయి, బ్యాటరీ ఎల్‌పీ-ఈ6 రకమే, ఎస్‌డీ కార్డే. మీ పాత చార్జరూ స్పేర్ బ్యాటరీలూ అన్నీ పనికొస్తాయి. ఫుల్‌ఫ్రేమ్ (ఫోటోను పట్టే సెన్సర్ పెద్దది) కదా అని పాత 6డీ లాంటిది ఎవరైనా అంటగడితే మాత్రం ఆగండి, మీ 18-135 చిన్న సెన్సర్ కెమెరాల కోసం చేసిన ఈఎఫ్-ఎస్ రకం, దానికి అసలు తగలదు. మిర్రర్‌లెస్సే కావాలంటే కెనాన్‌దే ఆర్7 ఉంది, అడాప్టర్ పెడితే మీ లెన్సులు ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి, బ్యాటరీ కూడా కుదురుతుంది, కాకపోతే మెనూలూ ఫోకస్ పద్ధతీ కొత్త, అందుకని కనీసం వారం ముందైనా చేతిలో ఉండాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నాకు జరిగింది. కొన్నేళ్ల కిందట ఇలాగే పాత కెమెరా పాడై, బయల్దేరే ముందు రోజు సాయంత్రం వేరే కంపెనీది కొన్నా, అది మంచి కెమెరానే, నా పాతదానికంటే అన్నిట్లో మెరుగు. మర్నాడు పడవ ఒడ్డుకొస్తుంటే మా నాన్న పడవ అంచున నిలబడి నాకు చెయ్యి ఊపుతున్నారు, జూమ్ ముందుకి వెళ్తుందనుకుని అలవాటు కొద్దీ తిప్పాను, ఆ లెన్సులో రింగు రివర్స్, మొత్తం వెనక్కి పోయింది. సరిచేసుకునేలోపు ఆయన దిగి ఎవరితోనో మాట్లాడుతున్నారు. ఆ ఫోటో నా దగ్గర లేదు.

వాడినది కొనేటప్పుడు షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో, అంటే ఎన్ని ఫోటోలు తీసిందో, అడగండి. 80డీకి కంపెనీ చెప్పిన లెక్క 1,00,000, 90డీకి 1,20,000, అది దాటగానే ఆగిపోతుందని కాదు కానీ దగ్గర్లో ఉన్నదాన్ని ట్రిప్‌కి నమ్ముకోలేం. ఎఫ్ 16లో ఆకాశాన్నో తెల్ల గోడనో తీసి పెద్దది చేసి చూడండి, సెన్సర్ మీద దుమ్ముంటే మచ్చలు కనిపిస్తాయి.

90డీ తీసుకుంటే ఇంకోటి, దాని రా ఫైళ్లు (కెమెరా తన మార్పులేవీ చేయకుండా దాచే ఫోటోలు) సీఆర్3, మీ 80డీవి సీఆర్2. మీ కంప్యూటర్లో ఫోటోలు సరిచేసే లైట్‌రూమ్ పాతది ఉంటే సీఆర్3లు తెరుచుకోవు, వాటిని అది చదవగలిగే రకంలోకి మార్చే అడోబీ వాళ్ల డీఎన్‌జీ కన్వర్టర్ ఫ్రీయే, ఇప్పుడే వేసుకుని ఒక ఫైల్ తెరిచి చూడండి. కార్డు కొత్త బాడీలోనే ఫార్మాట్ చేయండి, అంతకుముందు పాత ఫోటోలు కాపీ చేసుకోవడం మర్చిపోకండి. విమానమైతే స్పేర్ బ్యాటరీలు చేతి సంచిలోనే, చెక్-ఇన్ లగేజీలో పెట్టనివ్వరు. మీవి ఒక్కోటి 14 వాట్-అవర్లే, 100 లోపు కాబట్టి పర్మిషన్ గొడవ లేదు.

ఏది తెచ్చుకున్నా మిగిలిన రోజుల్లో ఇంట్లో అమ్మానాన్నల్నే తీస్తూ ఉండండి, సాయంత్రం లైటు తక్కువున్నప్పుడు ముఖ్యంగా.

ప్రశ్న: నాది చిన్న కాంపాక్ట్ కెమెరా, బీచ్‌కి వెళ్లొచ్చాక లెన్సు బయటే ఇరుక్కుపోయింది. నాలుగు రోజుల్లో ఊరెళ్లాలి.

జవాబు: చేత్తో నొక్కకండి, లోపల ప్లాస్టిక్ పళ్లు విరుగుతాయి. ఇసుక రేణువు అడ్డం పడి ఉంటుంది. బ్యాటరీ తీసి, లెన్సు నేల వైపు ఉంచి, రింగుల సందుల్లో రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టండి, నోటితో ఊదితే లోపలికి తేమ చేరుతుంది. తర్వాత ఫుల్ చార్జి బ్యాటరీ పెట్టి ఆన్ చేయండి, చార్జి తక్కువున్నా లెన్సు మధ్యలో ఆగుతుంది. రెండు మూడు సార్లకి కదలకపోతే వదిలేయండి, ఈ నాలుగు రోజుల్లో కొత్తది వెతకడం కంటే ఫోన్‌లో జాగా ఖాళీ చేసుకుని, పవర్ బ్యాంకు చార్జి పెట్టుకోండి. ఫోన్ లెన్సు మీద రోజూ జేబులో వేలిముద్రలు పడతాయి, తీసే ముందు తుడిస్తే చాలు, ఫోటోల్లో పొగమంచులా కనిపించే ఆ మసక పోతుంది.