తొక్కు చేసి అమ్మేటోళ్ళకు ఈక్వాలిటీ చట్టం ఎంతవరకు?

దేవరకొండ నుంచి ఇంగ్లండ్‌ల లెస్టర్‌కు వచ్చిన తమ్ముడొకాయన అడిగిండు, "అక్కా, నేనూ మా ఇంటామె మామిడికాయ తొక్కు, సకినాలు చేసి ఇండియన్ షాపులకు ఏస్తున్నం, మొన్ననే వెబ్‌సైట్ కూడ పెట్టినం, మాది తయారీ పని కద, ఈ ఈక్వాలిటీ చట్టంతోని మాకేం పని?" అని. మాది మిర్యాలగూడ, ఇదే పని ఇక్కడ ఏండ్ల సంది చేస్తున్న, తెలిసిన కాడికి చెప్త.

ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లాండ్‌ల ఉన్నది ఈక్వాలిటీ యాక్ట్ 2010, అంటే వైకల్యం, జాతి, కడుపుతోని ఉండుడు అసొంటివి చూసి మనుషులకు అన్యాయం చెయ్యొద్దనే చట్టం. నువ్వు డబ్బాలు నింపి షాపాయనకు ఏసి ఊకున్నన్ని రోజులు జనానికి సర్వీస్ ఇస్తున్నట్టు కాదు, లేబుల్ మీద బ్రెయిలీ ఎందుకు లేదని ఈ చట్టం కింద నిన్ను పట్టరు, కొనేటోళ్ళ కాడ బాధ్యత షాపాయనది. అలర్జీల సంగతి రాసుడు వేరే, అది ఫుడ్ చట్టం, తప్పదు.

కని వెబ్‌సైట్ పెట్టి మనిషికి నేరుగ అమ్మినవంటే నువ్వు కూడ షాపోని లెక్కనే. మిక్సీలు చేసే కంపెనీ సుత షాపులకే అమ్మినా, కొన్నోళ్ళకు గ్యారంటీ తనే ఇస్తే ఆ గ్యారంటీ కాడ చట్టం వర్తిస్తది.

నాకు ఒకసారి కండ్లు కనపడని పెద్దమ్మ ఫోన్ చేసింది. స్క్రీన్ చదివి వినిపించే యాప్ నా సైట్‌ల కొనే బటన్ కాడికి రాంగనే ఏం చెప్తలేదట, ఎందుకంటే నేను అక్షరాలు లేకుండ ఉత్త బుట్ట బొమ్మ పెట్టించిన. ఆర్డర్ ఫోన్‌లనే రాసుకున్న, డబ్బాల మూతలకు రబ్బరు బ్యాండ్లు ఏసి పంపిన, ఒకటుంటే మామిడికాయ, రెండుంటే చింతకాయ. దానికి పైసా ఎక్కువ తీసుకోలే, అసొంటి సర్దుబాటు ఖర్చు వాళ్ళ మీద ఏసుడు చట్టమే ఒప్పుకోదు. ఎవరన్న వచ్చి అడిగినంక చూద్దాం అంటే కూడ నడవదు, ముందుగాలనే ఆలోచించి పెట్టుకోవాలె, అయితే చిన్న బిజినెస్‌ను పెద్ద కంపెనీ లెక్క చేయమనరు, స్థోమత చూస్తరు.

ఇగ పనోళ్ళ ముచ్చట. షాపులకు ఏసినా, నేరుగ అమ్మినా, ఒక్కర్ని పనికి పెట్టుకున్నా చట్టం ఉంటది, ఏజెన్సీ నుంచి తెచ్చుకున్నోళ్ళకు సుత. నేను కొత్తల ఒక ప్యాకింగ్ ఫ్యాక్టరీల ఏజెన్సీ కింద చేసిన, కడుపుతోని ఉన్ననని చెప్పంగనే వారానికి ఐదు షిఫ్టులు రెండైనయి, అది తప్పని నాకు తెల్వక నోరు మూసుకున్న, ఇప్పటికీ బాధయితది. అందుకే చెప్తున్న, వాట్సప్‌ల "మనోళ్ళే కావాలె" అని పెట్టకు. జాతి, రంగు, నేషనాలిటీ అన్నీ చట్టంల ఉన్నయి, కులం అనే మాట సూటిగ లేకపోయినా అది ఎత్నిక్ ఆరిజిన్ (పుట్టుక మూలం) కింద రావొచ్చని 2014ల ఎంప్లాయ్‌మెంట్ అప్పీల్ ట్రిబ్యునల్, అంటే పని కేసుల అప్పీళ్ళు వినే కోర్టు, చెప్పింది. పని ఖాయం చెయ్యకముందే రోగాలున్నయా అని కూడ అడగొద్దు, కొన్ని మినహాయింపులు తప్ప. రైట్ టు వర్క్ చెక్, అంటే ఇక్కడ పని చేసే హక్కు ఉన్నదా అని కాయితాలు చూసుడు, చేస్తే అందరికీ చెయ్, మొఖం చూసి కొందరికే చేస్తే అదొక కేసు.

పనోళ్ళ విషయంల డౌట్ వస్తే పని హక్కుల మీద సలహా ఇచ్చే సంస్థ అకాస్ (Acas) హెల్ప్‌లైన్‌కు ఫోన్ కొట్టు, యజమానికీ పనోనికీ ఇద్దరికీ ఫ్రీగ చెప్తరు. సైట్‌ల ఆ బటన్ మీద అక్షరాలున్నయో లేవో మాత్రం ఇయ్యాల్నే చూసుకో తమ్ముడు.