బరువు మామూలే, పొట్ట మాత్రం ఉంది: కొవ్వు కణాలకీ హార్మోన్లకీ సంబంధం

బరువు మామూలుగానే ఉన్నా ప్రీడయాబెటిస్ (షుగర్ వ్యాధికి ముందు దశ) అన్నారని, కొవ్వు కణాల్లో మైటోకాండ్రియా (కణానికి శక్తి తయారుచేసే భాగాలు) దెబ్బతింటే హార్మోన్లు తగ్గుతాయన్నది నిజమేనా అని అడిగారు. అన్ని హార్మోన్లూ కాదు కానీ, అడిపోనెక్టిన్ అనే హార్మోన్ విషయంలో నిజమే. మూడేళ్ల క్రితం నాదీ ఇదే పరిస్థితి.

అప్పుడు బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉండేవాణ్ణి. బరువు 69 కిలోలు, మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 6.1. మా ఇంట్లో ఎవరికీ షుగర్ లేదు, అందుకే చాలా టెన్షన్ పడ్డాను. డాక్టరు గారు బరువు గురించి అడగనే లేదు, టేపు తెచ్చి నడుము కొలిచారు. 96 సెంటీమీటర్లు. మన దేశపు మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 దాటకూడదట. "కొవ్వంటే గోనెసంచిలో నిల్వ సరుకు కాదు, అదీ హార్మోన్లు వదిలే ఒక గ్రంథే" అన్నారాయన. ఆ మాట పట్టుకుని చాలా చదివాను.

కొవ్వు కణాలు వదిలే హార్మోన్లలో లెప్టిన్ ఒకటి. దాన్ని 1994లో కనుక్కున్నారు. కొవ్వు పెరిగేకొద్దీ లెప్టిన్ కూడా పెరుగుతుంది. అడిపోనెక్టిన్ అలా కాదు. అదీ కొవ్వు కణాల్లోనే తయారవుతుంది కానీ, కొవ్వు పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. కాలేయం, కండరాలు ఇన్సులిన్ మాట వినేలా చేసేది ఇదే. మన దక్షిణాసియా వాళ్లలో అసలే తక్కువ.

ఎందుకు తగ్గుతుందన్న దగ్గరే మైటోకాండ్రియా వస్తాయి. అడిపోనెక్టిన్ ఒక ప్రోటీన్. దాన్ని సరిగ్గా మడవాలి, మూడేసి అణువుల్ని కలపాలి, ఆ జట్లని మళ్లీ పెద్ద గుత్తులుగా కట్టాలి. దీనికంతా శక్తి కావాలి. పెళ్లి వంటలో గ్యాస్ మంట తగ్గితే సరుకులన్నీ ఉన్నా వంట ఆగిపోతుంది కదా, అలాగే. మైటోకాండ్రియా మందగిస్తే ప్రోటీన్లు మడిచే చోట ఒత్తిడి పెరిగి, కణం అడిపోనెక్టిన్ జన్యువునే తగ్గించేస్తుంది.

నన్ను బాగా ఆలోచింపజేసింది పయోగ్లిటజోన్ అనే షుగర్ మందు. దానివల్ల బరువు పెరుగుతుంది, అయినా షుగర్ తగ్గుతుంది! అది కొత్త చిన్న కొవ్వు కణాల్ని పుట్టిస్తుంది, వాటిలో మైటోకాండ్రియాని పెంచుతుంది, అడిపోనెక్టిన్ పెరుగుతుంది. అంటే కొవ్వు ఎంతుందన్నదే కాదు, ఎంత ఆరోగ్యంగా ఉందన్నది కూడా ముఖ్యమే. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి ఈ మందు ప్రమాదం, సొంతంగా మాత్రం వాడొద్దు.

నేను చేసింది మామూలు పనే. రోజూ పొద్దున కైకొండ్రహళ్లి చెరువు చుట్టూ 45 నిమిషాలు వేగంగా నడిచాను, పీజీ అన్నం సగానికి తగ్గించి పప్పు, గుడ్లు పెంచాను, రాత్రి 11 కల్లా నిద్ర. ఎనిమిది నెలలకి బరువు తగ్గింది 4 కిలోలే. కానీ నడుము 89కి, హెచ్‌బీఏ1సీ 5.6కి వచ్చాయి. అడిపోనెక్టిన్ టెస్టుకి డబ్బు పెట్టకండి, మామూలుగా దాన్ని చూసి వైద్యం మార్చరు.

నడుము మాత్రం సరిగ్గా కొలవండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో టేపు పెట్టి, ఊపిరి వదిలాక చూడాలి. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు. నా ప్యాంటు 34 అంగుళాలు, అంటే 86 సెంటీమీటర్లే. పొట్ట కింద కట్టుకుంటాం కాబట్టి నాకు అన్నేళ్లూ తెలియలేదు.