కారు మీది, పాలసీ మిత్రుడిది: క్లెయిమ్ నిలుస్తుందా?

ప్రశ్న: మాది కొరాపుట్ జిల్లా జయపురం. చిన్న కారులో పెద్ద ఇంజన్ అంటే కాలేజీ రోజుల నుంచీ ప్రాణం. 2024 ఫిబ్రవరిలో విశాఖపట్నంలోని మిత్రుడి దగ్గర 2016 మోడల్ ఫియట్ అబార్త్ పుంటో కొన్నాను. డబ్బు బ్యాంకు ద్వారా పంపి, అమ్మకం కాగితం రాయించుకున్నాను. ఆర్‌సీ, బీమా మాత్రం అతని పేరు మీదే ఉండిపోయాయి. సెప్టెంబరు 12న సుంకి ఘాట్‌లో వర్షానికి జారి కారు రక్షణ గోడకు గుద్దుకుంది. ఎవరికీ దెబ్బలు తగలలేదు. 2025 జనవరిలో బీమా కంపెనీ నా క్లెయిమ్‌ను తిరస్కరించింది. ఇలాంటి కారు మళ్లీ దొరకదు. మార్కెట్లో 12 లక్షలు పలుకుతోంది. ఆ మొత్తం రాబట్టవచ్చా? అమ్మకం రద్దయిందని రాసిచ్చి తన పేరుతోనే మళ్లీ క్లెయిమ్ అడుగుతానని మిత్రుడు అంటున్నాడు.

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం కారు గురించే ఉంది. 1.4 లీటర్ల టర్బో ఇంజన్, 145 హార్స్‌పవర్, ముందు భాగాన తేలు గుర్తు, ఫియట్ మన దేశంలో కార్ల అమ్మకం ఆపేశాక విడిభాగాల కోసం మీరు తిరిగిన ఊళ్లు, అన్నీ చదివాను. వాటిలో ఒక్కటీ కేసును నిలబెట్టదు, పడగొట్టదు. చివరి పేజీలో మీరు మాటవరసకు రాసిన వాక్యం ఒకటి ఉంది: ‘జూన్‌లో అమ్మకం కాగితం, యాజమాన్య బదిలీ ఫారాలు 29, 30 నకళ్లు కంపెనీకి మెయిల్ చేశాను, జవాబు రాలేదు, జూలైలో ప్రీమియం నేనే కట్టాను.’ మీ కేసు ఆ వాక్యం మీదే ఆధారపడి ఉంది.

ఎందుకో చెబుతాను. కారు చరాస్తి. డబ్బిచ్చి స్వాధీనం చేసుకున్నారు కాబట్టి వస్తువుల విక్రయ చట్టం ప్రకారం అది మీదే. ఆర్‌సీలో పేరు మారలేదని మీ హక్కు పోదు. కానీ బీమా కంపెనీ మాట ఇచ్చింది పాలసీలో పేరున్న మనిషికి. మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ కింద వాహనం చేతులు మారగానే పాలసీ కూడా మారినట్లు భావిస్తారు. అయితే ఆ రక్షణ థర్డ్ పార్టీ నష్టానికే, అంటే కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికే పరిమితం. సొంత కారుకు జరిగిన నష్టం రాబట్టాలంటే కొన్నవారికి, కంపెనీకి మధ్య విడిగా ఒప్పందం ఉండాలని కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. కంపెనీ తిరస్కరణ లేఖకు ఆధారం అదే. మెయిల్ సంగతి లేకపోతే, కేసు వేయవద్దని మీకు ఇక్కడే చెప్పి ఊరుకునేవాణ్ని.

మెయిల్ ఉంది కాబట్టి లెక్క మారుతుంది. యాజమాన్యం మారిందని తెలిసిన తరువాత కూడా కంపెనీ పాత పేరుతోనే పాలసీని పునరుద్ధరించి మీ ఖాతా నుంచి ప్రీమియం తీసుకుంది. పేరు మార్చమని అడిగితే మార్చకపోవడం, మార్చబోమనీ చెప్పకపోవడం సేవాలోపం అని వాదించవచ్చు. కొన్న 14 రోజుల్లో రాతపూర్వకంగా అడగాలన్న నిబంధనను మీరు దాటారు, కంపెనీ న్యాయవాది మొదట పట్టుకునేది దాన్నే. ఆలస్యం ఉన్నా, అడిగింది ప్రమాదానికి ముందు, పునరుద్ధరణకు కూడా ముందు అన్నది మన సమాధానం. గెలుపు ఖాయమని చెప్పలేను. వాదనకు చోటుందని మాత్రం చెప్పగలను.

ఇప్పుడు ఆ మెయిల్ తెరిచి చూడండి. అది కంపెనీ అధికారిక చిరునామాకు వెళ్లిందా, ఏజెంటు సొంత మెయిలుకు వెళ్లిందా? ఏజెంటుకు మాత్రమే పంపి ఉంటే మీ బలం సగానికి పైగా పోయినట్లే. పాలసీ నంబరు, కారు నంబరు, పాత యజమాని పేరు, అమ్మకం తేదీ అందులో ఉన్నాయా? పేరు మార్చమని అడిగారా, ఊరికే కాగితాలు జతచేశారా? పంపిన ఫోను లేదా కంప్యూటర్ మార్చకండి, మెయిల్ పెట్టెలో ఏదీ తుడిచేయకండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం కావాలి. అందులో మొదటి భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. జూలై ప్రీమియం మీ ఖాతా నుంచి వెళ్లినట్లు బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా తీసి ఉంచండి.

మిత్రుడి ప్రతిపాదన సంగతి. దాని జోలికి పోకండి. జరిగిన అమ్మకాన్ని జరగలేదని, పాత తేదీతో రద్దు కాగితం సృష్టించి కంపెనీని డబ్బు అడగడం భారతీయ న్యాయ సంహిత కింద మోసం (318వ సెక్షన్), ఫోర్జరీ (336), నకిలీ పత్రాన్ని అసలుదిగా వాడడం (340). ఆయనతో పాటు మీరూ నిందితులవుతారు. పైగా అది అబద్ధమని రుజువు చేయడానికి కంపెనీ ఎక్కడికీ పోనక్కరలేదు, మీ జూన్ మెయిల్ వాళ్ల దగ్గరే ఉంది. ఈ కేసులో మీకున్న ఒకే ఒక మంచి సాక్ష్యాన్ని మీ మీదికే తిప్పుకోవడం అవుతుంది. మిత్రుడికి నిజంగా సాయం చేయాలని ఉంటే నిజమే చెబుతూ ఒక ప్రమాణపత్రం ఇవ్వమనండి: ఫలానా తేదీన కారు అమ్మాను, సొమ్ము ముట్టింది, క్లెయిమ్ మొత్తం కొన్నవారికి ఇస్తే నాకు అభ్యంతరం లేదు అని. ఫిర్యాదులో ఆయన్ని కూడా ప్రతివాదిగా చేర్చండి.

మీ అజాగ్రత్త గురించి ఒక మాట అనక తప్పదు. అరుదైన టర్బో పైపు కోసం అంత దూరం తిరిగిన మీరు విశాఖలో ఫారం 28 మీద ఎన్‌ఓసీ (వేరే రాష్ట్రంలో నమోదుకు అభ్యంతరం లేదన్న పత్రం) కోసం ఒక్క పూట కేటాయించలేకపోయారు. వేరే రాష్ట్రానికి కారు అమ్మినవారు 45 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో బదిలీ సంగతి తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతోంది. 12 నెలలకు మించి ఒడిశాలో ఉంచే కారుకు ఇక్కడి నంబరు తీసుకోవాలని 47వ సెక్షన్. మీరు రెండూ దాటారు. ఆ రోజు సుంకి మలుపులో గోడకు బదులు ఒక మనిషి ఉండి ఉంటే, ఆర్‌సీలో పేరున్నందుకు మీ మిత్రుడు ప్రమాద పరిహార ట్రిబ్యునల్ మెట్లెక్కేవాడు. నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018లో చెప్పింది ఇదే: రికార్డులో ఎవరి పేరుంటే బాధ్యత వారిది. కారు ఇచ్చిన స్నేహితుణ్ని ఇన్నాళ్లు ఆ ప్రమాదంలో ఉంచారు.

ఇంజన్ కంప్యూటర్‌ను రీమ్యాప్ చేయించి (అంటే దాని ప్రోగ్రామ్ మార్పించి), సైలెన్సర్ మార్చానని గర్వంగా రాశారు. అదే చట్టం 52వ సెక్షన్ దాన్ని అనుమతించదు, 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. నష్టాన్ని అంచనా వేసిన సర్వేయర్ నివేదికలో ఆ మార్పుల ప్రస్తావన ఉందేమో చూడండి. ఉంటే కంపెనీ దాన్ని రెండో అభ్యంతరంగా లేవనెత్తుతుంది. ప్రమాదానికి, ఆ మార్పుకు సంబంధం లేదని, తడిసిన రోడ్డు మీద టైర్లు జారాయని చూపే ఫొటోలు, మెకానిక్ నివేదిక సిద్ధం చేసుకోండి.

కాలపరిమితి: వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ కింద రెండేళ్లు. తిరస్కరణ తేదీ నుంచి లెక్కించవచ్చని చాలామంది అంటారు. మీరు ఆ వాదన మీద ఆధారపడకుండా ప్రమాదం జరిగిన రోజు నుంచే లెక్కపెట్టుకుని 2026 సెప్టెంబరు 11లోపు ఫిర్యాదు దాఖలు చేయండి. బ్రాంచి మేనేజరుతో నెలల తరబడి సాగిస్తున్న ఉత్తరాలు గడువును పెంచవు. కేసు మీ కొరాపుట్ జిల్లా వినియోగదారుల కమిషన్లోనే వేయవచ్చు, విశాఖ వెళ్లాల్సిన పని లేదు. చెల్లించిన ప్రీమియం 5 లక్షల లోపు కాబట్టి దాఖలు రుసుము ఉండదు.

ఇక 12 లక్షలు. ఆ అంకె మరచిపొండి. మీ పాలసీలో రాసిన ఐడీవీ (కారుకు బీమా చేసిన విలువ) 3,60,000. కంపెనీ బాధ్యతకు అదే గరిష్ఠం. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితేనే పూర్తి నష్టంగా లెక్కిస్తారు. అరుదైన కారు అన్న కారణంతో కమిషన్ పాలసీ అంకెను పెంచదు. అయిదేళ్లు దాటిన కారుకు ఐడీవీ పట్టిక ప్రకారం కాక, కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయిస్తారు. పునరుద్ధరణ రోజున వెబ్‌సైట్ చూపిన అంకెకు సరే అని నొక్కేశారు, ఈ తరహా కార్లున్న వాళ్లు నష్టపోయేది అక్కడే. వచ్చే పాలసీకి ముందు అర్హుడైన వాల్యూయర్ చేత కారును చూపించి, ఆ నివేదిక జతచేసి, రాసుకోవలసిన విలువ గురించి కంపెనీతో రాతలో మాట్లాడండి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే రాయితీ) మీకు వర్తించదు, దాన్ని వాడుకోకండి.

ముందుగా చేయవలసిన పని కారు కాగితాలను సరిచేయడం. మిత్రుడితో కలిసి పెండింగ్ చలాన్లు, రుణం ఏదైనా ఉంటే అదీ తీర్చి, విశాఖలో ఎన్‌ఓసీ తీసుకోండి. సైలెన్సర్, ఇంజన్ ప్రోగ్రామ్ మళ్లీ ఫ్యాక్టరీ స్థితికి తెచ్చాకే కొరాపుట్ రవాణా కార్యాలయంలో తనిఖీకి పెట్టండి. ఓడీ 10 (కొరాపుట్) నంబరు, మీ పేరుతో కొత్త పాలసీ వచ్చేదాకా కారు రోడ్డెక్కకూడదు. ఈలోగా ఆ జూన్ మెయిల్‌ను చిరునామా, తేదీ, జతపత్రాలు కనిపించేలా ముద్రించి, దగ్గరలోని న్యాయవాదికి చూపించండి. మెయిల్ కంపెనీకి చేరినట్లు తేలితేనే ఫిర్యాదు రాయించండి.