పన్నెండు వచనాలు, ఒక పేజీ

అమ్మలూ,

ప్రభువు నామమున వందనాలు. స్త్రీల కూడికలో వారానికో వాక్యధ్యానం రాసి చదవమన్నారనీ, పెన్ను పట్టుకుంటే పాస్టరుగారి ప్రసంగంలాగే వస్తోందనీ రాశావు. రాకేం చేస్తుంది? ఏళ్ల తరబడి ఆ బాణీయే చెవిలో పడింది. అందుకని రాయడం గురించి కొంచెమే చెప్తాను, చదవడం గురించి ఎక్కువ చెప్తాను. చదివింది నీదైతే రాసేది నీదవుతుంది.

ముందుగా, ఆదికాండము నుంచి మొదలుపెట్టకు. జనవరి ఒకటో తారీకున అందరూ చేసే పనే అది. బైబిల్లో 1189 అధ్యాయాలు, ఏడాదిలో పూర్తి చేయాలంటే రోజుకి మూడు పైచిలుకు. మూడేసి చొప్పున ఆదికాండము 50, నిర్గమకాండము 40 జనవరి 30కి అవుతాయి. 31న బలుల విధులతో లేవీయకాండము తెరుచుకుంటుంది, చాలామంది పుస్తకం మూసేది అక్కడే. పైగా ఏడాదిలో ముగించాలనే చదువు వేరు, ధ్యానానికి చదివేది వేరు. మూడు అధ్యాయాలు గబగబా దాటినవాళ్లకి రాయడానికి ఒక్క మాటా చేతిలో మిగలదు. నువ్వు మార్కు సువార్త తీసుకో. 16 అధ్యాయాలు, 678 వచనాలు. రోజుకి పన్నెండు వచనాల చొప్పున ఇంచుమించు రెండు నెలలు పడుతుంది. కథ నడుస్తూ ఉంటుంది కనక విసుగు రాదు. ఆ తర్వాత పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, అంటే ఉత్తరం, ఆ పైన యాత్రకీర్తనలు, అంటే కీర్తనల గ్రంథంలో 120 నుంచి 134 దాకా. అవి చిన్నవి, రోజుకొకటి సరిపోతుంది.

పన్నెండు అన్నానని పదమూడో వచనంలో మాట నడుస్తుంటే మధ్యలో ఆపకు. సంగతి ఎక్కడ ముగుస్తుందో అక్కడే ఆపు.

అరగంట చాలు. మొదటిసారి మనసులో చదువు. రెండోసారి పైకి, నీ చెవికి వినపడేలా. పాత అనువాదం పైకి చదివితేనే అర్థమవుతుంది, ఆ వాక్యాల పొడవు కంటికి బరువు గాని నోటికి కాదు. మూడోసారి, ఆ భాగానికి ముందున్న ఐదారు వచనాలు కలుపుకొని చదువు. ఈ మూడోది ఎవరూ చేయరు, పొరపాట్లన్నీ అక్కడే పుడతాయి. ఫోను వేరే గదిలో పెట్టు. బైబిలు యాప్‌లో చదువుతానంటే కాదనను గాని, పైన ఒక్క మెసేజి వచ్చిందంటే ఆ రోజు ధ్యానం దాంతోనే సరి.

నోటుబుక్కు విడిగా పెట్టుకో, రెండు వందల పేజీల రూళ్ల పుస్తకం. బైబిల్లో గీతలు గీయాలంటే పెన్సిలు వాడు. ఆ కాగితం పల్చన, సిరా అవతలి పేజీకి దిగిపోతుంది. జెల్ పెన్ను నోటుబుక్కులోకి కూడా వద్దు, మన సముద్రపు చెమ్మకి వానాకాలంలో అక్షరాలు పాకుతాయి. బాల్ పెన్ను మంచిది.

రాసుకునేవి నాలుగే. ఎవరు ఎవరితో అన్నారు. ఏ మాట మళ్లీ మళ్లీ వచ్చింది. నాకు అర్థం కానిది ఏంటి. ఇవాళ నా పనిలో ఇది ఎక్కడ తగులుతుంది. ఒక్కోదానికి ఒకటి రెండు వాక్యాలు. నాలుగోది తోచకపోతే ఖాళీ వదిలెయ్, బలవంతంగా నింపకు. మూడోది మాత్రం ఎప్పుడూ ఖాళీ పెట్టకు. అంతా అర్థమైందని అనిపించిన రోజు సరిగ్గా చదవలేదన్నమాటే.

అర్థం కాకపోవడంలో సగం పాపం మాటలది. నిరీక్షణ అంటే మనం మామూలుగా ఎదురుచూపు అనుకుంటాం, బైబిల్లో అది ఆశ, నమ్మకంగా పెట్టుకున్న ఆశ. సమాధానం అంటే మనకి జవాబు. 'సమస్త జ్ఞానమునకు మించిన దేవుని సమాధానము' అన్నచోట అది నెమ్మది, శాంతి. దాన్ని జవాబు అనుకొని, దేవుడు మన ప్రశ్నలన్నిటికీ జవాబిస్తాడని పేజీలు నింపినవాళ్లున్నారు. ఇలాంటి మాటలకి నోటుబుక్కు చివరి రెండు పేజీలు కేటాయించుకో. పాత మాటలని విసుక్కోకు. తెలుగు బైబిలు పనికీ మన ఊరికీ పాత చుట్టరికం ఉంది. లండన్ మిషనరీ సొసైటీవాళ్లు 1805లో విశాఖపట్నం వచ్చి ఇక్కడే తెలుగు అనువాదం మొదలుపెట్టారు, 1818లో కొత్త నిబంధన మద్రాసులో అచ్చయింది. నీ చేతిలో ఉన్నది ఆ అచ్చు కాదనుకో, ఆ తర్వాతది.

ఇప్పుడొక భాగం తీసుకుందాం. మార్కు నాలుగో అధ్యాయం, 35 నుంచి 41. యేసు శిష్యులతో దోనెలో, అంటే పడవలో, వెళ్తుండగా తుపాను రేగి, ఆయన మాటతో ఆగిన సంగతి. ఏడే వచనాలు. విశాఖవాళ్లకి ఇది చదవగానే ఆర్కే బీచ్ అలలూ, ఫిషింగ్ హార్బర్‌లో బోట్లూ కళ్ల ముందుకొస్తాయి. అక్కడే ఆగాలి. మార్కు సముద్రం అన్నది గలిలయ సరస్సు. లూకా ఐదో అధ్యాయంలో దాన్నే గెన్నేసరెతు సరస్సు అంటాడు. మంచినీళ్లు. పొడవు ఇంచుమించు 21 కిలోమీటర్లు, వెడల్పు 13. సముద్రమట్టానికి రెండు వందల మీటర్లకి పైగా దిగువన, కొండల మధ్య గిన్నెలా ఉంటుంది. ఆ కొండల మీది నుంచి గాలి ఉన్నట్టుండి దిగుతుంది. మనకి తుపానంటే నాలుగు రోజుల ముందు రేడియోలో చెప్తారు, రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు. వాళ్లకి ఆ వ్యవధి లేదు. వాక్యాన్ని ముందు దాని ఊళ్లో చూడు, తర్వాతే మన ఊరికి తీసుకురా. వరస తిరగబడితే రాసేది మన ఊరి సంగతే అవుతుంది, వాక్యం పేరుకి పైన ఉంటుంది.

ఇక మాటలు. 'దోనె అమరమున తలగడమీద నిద్రించుచుండెను.' అమరం అంటే పడవ వెనకభాగం. ఇదే సంగతి మత్తయి, లూకా కూడా రాశారు గాని తలగడ మార్కులోనే ఉంది. 'మరికొన్ని దోనెలు' వెంట వచ్చాయన్న మాటా మార్కులోనే ఉంది. మూడు సువార్తలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇలాంటివి దొరుకుతాయి. రిఫరెన్స్ బైబిల్లో ఆ వచనాల అంకెలు పక్కనే ఇస్తారు. ఇంకా చూడు: పెద్ద తుపాను రేగింది, ఆ తర్వాత మిక్కిలి నిమ్మళమైంది, అది చూసి శిష్యులు మిక్కిలి భయపడ్డారు. తుపాను ఉన్నప్పుడు కాదు, ఆగాక! దీని మీద ఒక పేజీ రాయొచ్చు. 'జీవితంలో తుపానులు వస్తాయి' అని మొదలుపెట్టే పేజీలు వేలకొద్దీ ఉన్నాయి, అది మటుకు రాయకు.

మన ఊళ్లో ఈ భాగం చదివితే హుద్‌హుద్ తుపాను గుర్తుకు రాకుండా ఉండదు. 2014 అక్టోబరు 12, ఆదివారం. రాయి, తప్పులేదు. కాని ప్రార్థన చేశాం కనక మా ఇంటి రేకులు ఎగరలేదు అని రాయకు. రేకులు ఎగిరిపోయిన ఇంట్లో ఆవిడ కూడా ప్రార్థనే చేసింది, నీ ముందు బెంచీలోనే కూర్చుని వింటుంది. ఇక్కడ ఆ 'మరికొన్ని దోనెలు' పనికొస్తాయి. యేసు లేని దోనెలవి. గాలి అణిగినప్పుడు వాటికీ అణిగే ఉంటుంది కదా. వాటి గురించి మార్కు ఇంకేమీ చెప్పలేదు, నువ్వూ కల్పించి చెప్పకు. ఆ ప్రశ్న అడిగి వదిలెయ్యి.

క్యాలెండరు వచనాలతో కాస్త జాగ్రత్త. 'నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను' (ఫిలిప్పీయులకు 4:13) అన్నది పరీక్షల ముందు పిల్లలందరి పుస్తకాల మీదా కనిపిస్తుంది. దానికి ముందున్న రెండు వచనాలు చదువు. ఆకలిగా ఉండడం, కడుపునిండా ఉండడం, రెండూ నేర్చుకున్నానంటున్నాడు పౌలు, అదీ బంధకాల్లో, అంటే చెరలో ఉండి. పరీక్ష మార్కుల మాట అక్కడ లేదు. మీకు నిరీక్షణ కలిగే ఉద్దేశాలే నావి అని దేవుడనే యిర్మీయా 29:11 కూడా అంతే. అది బబులోనుకి చెరపట్టుకుపోయినవాళ్లకి రాసిన ఉత్తరం. పై వచనంలోనే డెబ్బై ఏళ్లు అని ఉంది. అంటే ఆ ఉత్తరం చదివించుకున్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగొచ్చే రోజు చూడరు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్నం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని ఐదు నుంచి ఏడు దాకా ఉంటుంది. శ్రీకాకుళం నుంచి వచ్చి గాజువాకలో అద్దెకుంటున్నవాళ్లకి పదకొండు కన్నా ఏడో వచనమే దగ్గరగా తగులుతుంది.

రాసేటప్పుడు రెండు వందల యాభై మాటలు దాటకు. పైకి చదివితే రెండు మూడు నిమిషాలు. రెఫరెన్సు, అంటే అధ్యాయం, వచనం అంకెలు, ముందే చెప్పు, భాగమంతా ఒకసారి చదువు, తర్వాత నువ్వు గమనించిన ఒక్క సంగతి. ఒక్కటే. రెండోది ఎంత బాగున్నా వచ్చే వారానికి దాచు. పక్క వచనాలు ఒకటికి మించి ఎత్తకు. ఆరు రెఫరెన్సులు చెప్తే అందరూ పేజీలు తిప్పే సద్దులో నీ మాట పోతుంది. 'మనం' అని ఉపదేశించడం తగ్గించి 'నేను' అను. ఎవరింటి సంగతీ ఉదాహరణగా తేకు, పేరు చెప్పకపోయినా మన కూడికలో ఇట్టే పోల్చేస్తారు. చివర ప్రార్థన ఒక వాక్యం, ఆ రోజు భాగంలోని మాటతోనే.

రాసింది ఆ పూటే చదవకు. కూడిక శుక్రవారమైతే మంగళవారం రాసి, గురువారం మళ్లీ చూడు. ప్రసంగంలా వినిపించే వాక్యాలు ఆ రోజు వాటంతటవే తెలుస్తాయి, కొట్టెయ్.

నోటుబుక్కు కొన్నాక మార్కు మొదటి అధ్యాయంలో 35వ వచనం దాకా రాసి, మూడో ప్రశ్న కింద, అంటే అర్థం కానివాటిలో, ఏం మిగిలాయో నాకు పంపు.

నీ పెదనాన్న
విశాఖపట్నం